మన పేటలో కాపురం పెట్టిన దేవుడు

(బిషప్ వి.ఎస్. అజరయ్య స్మారకోపన్యాసం పాఠం)



అజరయ్యగారి జీవితంలోని పెద్ద తేదీలను ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో, విలియం కేరీ పేరుతో ఉన్న గ్రంథాలయంలో, నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దాన్ని నిలబెట్టిన వాళ్లలో ఆయనొకరు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, డోర్నకల్ కెథీడ్రల్‌ను ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. అన్నీ క్రిస్మస్‌కూ ఎపిఫనీకీ మధ్యనున్న ఆ పన్నెండు రోజుల చుట్టూనే తిరిగాయి.

ఇందులో దైవసూచన ఏదో వెతుకుతున్నానని అనుకోకండి. సంఘాలు తమ ముఖ్యమైన పనులకు పండుగ రోజులే చూసుకుంటాయి, కాబట్టి సగం గొప్ప క్యాలెండరుదే. మరణం మాత్రం ఎవరి క్యాలెండరూ చూడదు. ఏమైనా ఈ వరస చూశాక, ఆయన పేరు మీద మాట్లాడమని మీరు పిలిచినప్పుడు వేరే విషయం ఎంచుకోబుద్ధి కాలేదు. దేవుడు మనిషయ్యాడని ఆరాధనలో నిలబడి విశ్వాస ప్రమాణంగా పలుకుతున్నాం కదా. డోర్నకల్‌లోనో చీరాలలోనో కువైట్‌లోనో బతుకుతున్న ఇవాళ్టి తెలుగు క్రైస్తవుడికి ఆ మాట ఏమి చెబుతోంది? ఇదే నా విషయం.

మొదట అజరయ్యగారి దగ్గరికే వెళ్దాం. తిరునెల్వేలి ప్రాంతపు పల్లెటూరి పాదిరిగారబ్బాయి. 1874లో పుట్టారు. మాతృభాష తమిళం. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చినప్పుడు ఆయనకు ముప్పై నాలుగేళ్లు. ఆ వయసులో తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగి, మాల మాదిగ పేటల్లో కూర్చుని మాట్లాడారు. మనవాళ్లకు పాట రుచి తెలుసని గ్రహించి కీర్తనలను ప్రోత్సహించారు. తర్వాత కట్టించిన కెథీడ్రల్ చూడండి. గుడి స్తంభాల పోలికా, మసీదు గుమ్మటాల పోలికా రెండూ అందులో ఉన్నాయి. లండన్ చర్చిని తెచ్చి తెలంగాణ నేల మీద దించలేదాయన.

వచ్చిన మరుసటి సంవత్సరమే, 1910 జూన్‌లో, ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధుల్లో ఆసియావాళ్లు గుప్పెడుమంది. ఆ సభలో ఈ యువకుడు లేచి మాట్లాడాడు. మీరు మాకు ఆస్తులు పంచారు, మా కోసం ప్రాణాలూ పెట్టారు, మా పిల్లల పిల్లలు కూడా మీ రుణం తలచుకుంటారు అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే చప్పట్లు మోగేవి. కానీ మిషనరీలకూ వాళ్లతో పనిచేసే భారతీయులకూ మధ్య ఉన్న ఎడం గురించి ఎత్తాడు. కలిసి భోంచేయడం లేదు, ఇళ్లకు పిలుచుకోవడం లేదు, యజమానికీ జీతగాడికీ మధ్య ఉండే మర్యాదే తప్ప మరొకటి లేదు. చివరికి ఆయన అడిగింది ఒక్కటే. మాకు స్నేహితులు కావాలి. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు.

ఆ రోజు ఆయన క్రిస్మస్ మాట ఎత్తలేదు, శరీరధారణ సిద్ధాంతమూ చెప్పలేదు. కానీ క్రిస్మస్ గురించి తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక మనిషి చేసిన ప్రసంగాల్లో అంతకంటే మంచిది నాకు కనబడలేదు. పంపించడం వేరు, రావడం వేరు. దేవుడు కూడా పైనుంచి మన్నా కురిపించాడు, ధర్మశాస్త్రం ఇచ్చాడు, ప్రవక్తలను పంపాడు. అవన్నీ అయ్యాక ఇక పంపడం చాలదనుకుని తానే వచ్చి ఉన్నాడు. మన విశ్వాసం మొత్తం ఆ రావడం మీద ఆధారపడి ఉంది.

ఎలా వచ్చాడు? లూకా చెప్పిన వివరాలను సండే స్కూలు నాటకంలోంచి బయటికి తీసి ఒక్కసారి నెమ్మదిగా చూద్దాం. నాటకంలో మరియకు నీలం చీర, జ్ఞానులకు జరీ తలపాగాలు, దేవదూతకు థర్మోకోల్ రెక్కలు ఉంటాయి. అవి నాకిష్టమే. కానీ లూకా కథ మొదలయ్యేది ప్రభుత్వ దస్తావేజుతో. కైసరు ఔగుస్తు జనం లెక్కలు రాయించమన్నాడు. గర్భిణి అయిన ఆడమనిషినీ ఆమెకు నిశ్చయమైన మగవాణ్నీ ఊరు కదిలించింది దేవదూత కాదు, రోము సర్కారు ఉత్తర్వు. మీదెక్కడి వంశం, మీ పేరు ఏ పద్దులో రాయాలి అని అడిగే రాజ్యంలో క్రీస్తు పుట్టాడు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

బిడ్డ పుట్టి నలభై రోజులయ్యాక యెరూషలేము దేవాలయానికి తీసుకెళ్లారు. తల్లి శుద్ధికి గొర్రెపిల్లను ఇవ్వాలి. కొనే శక్తి లేనివాళ్లకు లేవీయకాండంలో ఒక సడలింపు ఉంది. రెండు గువ్వలో రెండు పావురపు పిల్లలో తెస్తే చాలు. యోసేపు, మరియ తెచ్చింది ఆ పక్షులే. లూకా దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. పేదవాళ్లు అని రాయడు, జాలిపడమని అడగడు. ధర్మశాస్త్రం తెలిసిన వాడికి ఆ పక్షులను చూస్తేనే ఇంటి పరిస్థితి అర్థమైపోతుంది. దేవుడు పుట్టిన ఇల్లు గొర్రెపిల్ల కొనలేని ఇల్లు. విశ్వాసముంటే బంగళా, కారు వాటంతటవే వస్తాయని మైకులో చెప్పే ప్రసంగీకులు ఈ వాక్యం మీద ప్రసంగించగా నేను వినలేదు.

ఇంకో సంగతి ఉంది. దాని మీద మనం బొత్తిగా ధ్యానించం. పశువుల తొట్టి దగ్గర ఒక రాత్రి గడుపుతాం, మరుసటి ఆదివారానికి గలిలయ సముద్రపు ఒడ్డున అద్భుతాలు చూస్తుంటాం. మధ్యలో సుమారు ముప్పై ఏళ్లున్నాయి. పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో తప్పిపోయిన ఒక్క కథ తప్ప, ఆ ఏళ్ల గురించి సువార్తలు మౌనంగా ఉంటాయి. ఆ కాలంలో యేసు ఏం చేశాడు? వడ్రంగం చేశాడు. నజరేతు అనే చిన్న పల్లెలో, పెద్ద ఊళ్లవాళ్లు పేరు వింటేనే నవ్వే ఊళ్లో, కర్ర చెక్కాడు. రంపపు పొట్టు కంట్లో పడి ఉంటుంది. చేసిన పనికి డబ్బు ఆలస్యంగా ఇచ్చే ఆసామి ఒకడు ఉండే ఉంటాడు. తల్లికి కట్టెలు కొట్టి ఇచ్చి ఉంటాడు. బోధ మొదలుపెట్టాక నడిచిన కాలం, ఎక్కువగా లెక్కేసినా, మూడేళ్లకు కాస్త అటూ ఇటూ. అంటే భూమ్మీద దేవుడి కాలంలో పదింట తొమ్మిది వంతుల దాకా కూలి పనికీ ఇంటి పనికీ ఊరి పలకరింపులకూ పోయింది. దాన్ని వృథా అని తండ్రి అనుకోలేదు. యొర్దాను నది దగ్గర, ఒక్క అద్భుతం కూడా చేయకముందే, ఈ కొడుకంటే తనకు ఇష్టమని చెప్పాడు.

ఆయన మాట్లాడిన యాస కూడా ఆ ఊరిదే. యేసును పట్టుకున్న రాత్రి పేతురును నిప్పు దగ్గర గుర్తుపట్టింది ఆ గలిలయ యాసను బట్టే. నీ మాటే చెబుతోంది నువ్వు ఆ మనిషి గుంపులోనివాడివని అన్నారు. గురువుకూ శిష్యుడికీ ఒకటే యాస. రాయలసీమ యాసలోనో పాలమూరు యాసలోనో ప్రార్థన మొదలుపెట్టి, పక్కన కూర్చున్నవాళ్లను చూసి గ్రంథభాషలోకి మారిపోయే వాళ్లందరి కోసం ఈ సంగతి చెబుతున్నాను.

సరే, ఆయన శరీరం నిజమేనా? ఈ ప్రశ్న మీద తొలి సంఘం శతాబ్దాల పాటు కొట్లాడింది. రెండో శతాబ్దం మొదట్లో కొందరు బోధకులు క్రీస్తు శరీరం ఒక కనుమాయ అన్నారు. దసరాకు పులివేషం కట్టినవాడు ఆట అయ్యాక రంగు కడుక్కున్నట్టు, దేవుడు కొన్నాళ్లు మనిషి వేషం కట్టి తీసేశాడన్నది వాళ్ల బోధ. పవిత్రుడైన దేవుడికి చెమట పడుతుందా, కడుపులో మంట పుడుతుందా అన్నది వాళ్ల అనుమానం. అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ను రోముకు, మృగాల నోటికి తీసుకెళుతున్నారు. దారిలో రాసిన ఉత్తరాల్లో ఆయన వాళ్లను ఖండించాడు. ఆ ఖండనలో ఒక గమనిక ఉంది. దేవుడు నిజంగా శరీరం ధరించలేదని చెప్పేవాళ్లకు విధవరాలి సంగతి పట్టదు, అనాథ సంగతి పట్టదు, ఖైదులో ఉన్నవాడి సంగతీ ఆకలిగా ఉన్నవాడి సంగతీ పట్టదని ఆయన అర్థం. సిద్ధాంతం తప్పితే అది వేదశాస్త్ర కళాశాల గదిలో ఆగదు, పక్కింటావిడ పొయ్యి దాకా వస్తుంది. పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా గడిచినా ఈ మాట నాకు పాతబడలేదు.

325లో నికయ సభ కొడుకు తండ్రితో సమానుడైన దేవుడని తేల్చింది. ఆ సభకు 2025 నాటికి 1700 ఏళ్లు నిండాయి. 451లో కల్కెదోను సభ ఆయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి, రెండూ కలగాపులగం కాకుండా రెండూ విడిపోకుండా అని చెప్పింది. ఈ రెండు సభల మధ్య వాదించిన వాళ్లలో నాజియాంజస్ గ్రెగొరీ తర్కం నాకు ఎక్కువ పనికొచ్చింది. క్రీస్తుకు శరీరం మనిషిదే కానీ మనసు మాత్రం దైవికమని కొందరంటే ఆయన ఒప్పుకోలేదు. మనిషిలో ఏ భాగాన్ని క్రీస్తు తన మీద వేసుకోలేదో ఆ భాగం బాగుపడకుండానే ఉండిపోతుంది అన్నది ఆయన వాదన. దీన్ని మన దగ్గరికి తెచ్చుకోండి. ఆకలిని ఆయన వేసుకున్నాడు. వంగిన నడుమును వేసుకున్నాడు. వెక్కిరింపును, భయాన్ని, ఎండకు కమిలిన చర్మాన్ని వేసుకున్నాడు. కాబట్టి వీటిలో ఏదీ దేవుడికి పరాయిది కాదు.

మన హిందూ మిత్రులు కొందరు ఆప్యాయంగా, మీ యేసు కూడా ఒక అవతారమే కదా అంటారు. ఆ మాటలోని స్నేహాన్ని నేను తోసిపుచ్చను. మద్రాసుకు చెందిన క్రైస్తవ ఆలోచనాపరుడు వెంగల్ చక్కరై గత శతాబ్దంలో ఆ భావననే తీసుకుని ఒక పుస్తకం రాశారు. కానీ ఆయన కూడా ఒక తేడా పట్టుకుని వదల్లేదు. యేసు విషయంలో ఆ రావడం ముగియలేదు. పని అయ్యాక ఆయన మానవత్వాన్ని విప్పి పారేసి వెళ్లలేదు. తిరిగి లేచాక తోమాకు చూపించింది మేకుల గాయాలనే. మహిమలోకి వెళ్లిన ఆ శరీరం మీద ఇప్పటికీ మచ్చలున్నాయి. ఆరోహణమంటే దేవుడు మనల్ని వదిలించుకున్న రోజని మనలో చాలామంది లోలోపల అనుకుంటాం. అసలు జరిగింది తలకిందులు. ఒక వడ్రంగి చేతులు దేవుడి పక్కకు చేరాయి.

ఇప్పుడు మన నేలకు వస్తాను.

1876 నుంచి 78 దాకా వచ్చిన ఆ మహాక్షామాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఒంగోలులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని, కూలి ఇప్పించాడు. అక్కడ మేస్త్రీలుగా నిలబడ్డ బోధకులు చాలామంది మాదిగలే. తోలు వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అంతకు పదేళ్ల ముందే ఆ ప్రాంతాల్లో సువార్త తిప్పాడు కాబట్టి కథ జనానికి కొత్త కాదు. తవ్వకం మధ్యలో విరామం దొరికినప్పుడు ఆ కథనే మళ్లీ చెప్పుకున్నారు. కరువు ఉన్నన్నాళ్లు క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారనే మాట పడకూడదని ఆయన పట్టుదల. సహాయం ఆగిపోయాక జనమే వెతుక్కుంటూ వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ అంకె మనకు కంఠతా వచ్చు. దాని గొప్ప చెప్పుకుంటాం కానీ, ఆ నీళ్లలో జరిగిందేమిటో తరచి చూడం. తాకితే మైలపడతామని ఊరంతా తప్పుకునే శరీరాలు అవి. నీడ కూడా పడకూడదన్న శరీరాలు. బాప్తిస్మమిచ్చేవాడు తలమీద చెయ్యి పెట్టి, భుజం పట్టుకుని నీళ్లలో ముంచి లేపాడు. ఆ తర్వాత ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్రలోంచి అందరూ తాగారు. దేవుడు శరీరం ధరించాడనే సిద్ధాంతాన్ని ఆ తరం మాదిగలు, మాలలు నికయ ప్రమాణంలో చదివి నేర్చుకోలేదు. భుజం మీద పడ్డ చేతిలో, పెదవులకు తగిలిన పాత్ర అంచులో తెలుసుకున్నారు. మెదకు చర్చి కథలోనూ కొంత ఇదే ఉంది. కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి, వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దాన్ని కట్టించాడు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. వందేళ్లు దాటినా డిసెంబరు 25న ఆ మైదానంలో కాలు పెట్టే చోటుండదు. వచ్చేవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ చాలామంది ఉంటారు. ఎవరినీ ఎవరూ ఆపరు.

బయటివాళ్లను ఆపం. లోపల మాత్రం ఆపుకుంటాం. ఈ మాట ఎంత మెల్లగా చెప్పినా నొప్పిగానే ఉంటుంది కాబట్టి గట్టిగానే చెబుతాను. ఇది మాల సంఘం, అది మాదిగ సంఘం అని మనమే చెప్పుకుంటాం. పెళ్లి ప్రకటనల్లో క్రైస్తవ మతం పక్కన రెడ్డి, కమ్మ, మాల, మాదిగ అని రాసి, విశ్వాసురాలై ఉండాలని కూడా రాస్తాం. సంఘ ఎన్నికలొస్తే కులం లెక్కలు వేసుకున్నంత శ్రద్ధగా అసెంబ్లీ ఎన్నికల్లోనైనా వేస్తారో లేదో. 2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీగారు కార్డినల్ అయినప్పుడు, ఆ స్థానానికి చేరిన మొదటి దళితుడని పత్రికలన్నీ శీర్షిక పెట్టాయి. ఆనందపడ్డాం, పడాల్సిందే. కానీ అది వార్త ఎందుకయింది? కథోలిక సంఘంలో దళితులు ఎంత పెద్ద భాగమో, ఎన్ని తరాల నుంచి ఉన్నారో తెలిసినవాడికి ఆ శీర్షికలో సంతోషంతో పాటు సిగ్గూ కనిపిస్తుంది.

కొన్ని ఊళ్లలో సమాధుల తోటలో కూడా కులానికో వైపు ఉంది. ఇగ్నేషియస్ ఉత్తరాన్ని ఇక్కడ మళ్లీ చదువుకోవాలి. క్రీస్తు నిజంగా శరీరం ధరించాడని పాడే నోటితోనే, ఫలానావాళ్ల శరీరం మా వాళ్ల పక్కన మట్టిలో పడుకోకూడదని తీర్మానం చేసేవాళ్లు ఆ పాత మాయావాదుల కోవలోకే వస్తారు. వాళ్లను సిద్ధాంతం సరిగా తెలియని అమాయకులని నేను వదిలేయను. క్రిస్మస్‌ను కాదన్నవాళ్లనే అంటాను.

ఇందాక గుర్తుంచుకోమన్న లెక్కల పద్దు దగ్గరికి వస్తాను. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇంకా బయటే ఉన్నారు. దీని ఫలితం మన పేటల్లో ఎవరినడిగినా చెబుతారు. సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘం పుస్తకంలో ఇంకో పేరు. బడిలో ఒకటి, గుడిలో ఒకటి. కులం పేరుతో కొట్టినప్పుడు మాత్రం ఎవరూ మతం అడగరు. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను వెంటాడి చంపినవాళ్లు ఎవరి జేబులోంచీ సర్టిఫికెట్ తీసి చూడలేదు. బతికినవాళ్లు చీరాల చేరి తలదాచుకున్నారు. హేరోదు కత్తికి భయపడి ఐగుప్తుకు పారిపోయిన కుటుంబం కథ మత్తయి సువార్తలో రెండో అధ్యాయం. మన ప్రాంతంలో దానికి వ్యాఖ్యానం రాయాలంటే గ్రీకు రానక్కరలేదు. చీరాలలో ఆ కుటుంబాల పెద్దల పక్కన కూర్చుంటే చాలు.

2027 జనగణనలో కులం కూడా రాస్తామని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. లెక్కలు రాసేవాడు వచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు ఏం చెప్పాలన్న గుంజాటన మన ఇళ్లలో చాలాచోట్ల ఉంటుంది. దీని మీద సంఘ పెద్దలు నైతిక ఉపన్యాసాలు ఇవ్వడం నాకు నచ్చదు. పిల్లల చదువు, ఉద్యోగం పోతాయన్న భయంతో నోరు మూసుకున్న తండ్రిని పిరికివాడని అనే హక్కు, ఆ ఉత్తర్వు వల్ల ఏమీ పోగొట్టుకోనివాళ్లకు లేదు. చేయాల్సింది వేరే ఉంది. ఆ ఉత్తర్వు మారాలని అడిగేవాళ్లతో కలిసి నిలబడాలి, కులం వల్ల ఏమీ పోగొట్టుకోని క్రైస్తవులు ముందు వరసలో నిలబడాలి. పద్దులో పేరు రాయించుకోవడానికి పోయిన కుటుంబంలో పుట్టిన దేవుడికి ఈ గుమ్మం ముందు గుంజాటన అర్థమవుతుంది.

ఇక మన క్రిస్మస్ ఎలా జరుగుతోంది? డిసెంబరు మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. ఇరవై అయిదో తేదీకి ఇంకా మూడు వారాలుండగానే మూడు నాలుగు కేకులు కోసేస్తాం. వేదిక మీద ఎమ్మెల్యేగారు, ఆయన వెనక పాతికమంది, కొవ్వొత్తి వెలిగించే దగ్గర తోపులాట. ఇంటి మీద నక్షత్రం, కేరల్స్‌తో పేటంతా తిరగడం, తెల్లవారుజామున ఆరాధన, మధ్యాహ్నం బిర్యానీ, వీటి మీద నాకే ఫిర్యాదూ లేదు. సౌండ్‌బాక్సులు కాస్త తగ్గిస్తే బాగుంటుంది, అంతే. శరీరం ధరించిన దేవుడి పండుగలో నోటికి రుచి, ఒంటికి కొత్త బట్ట ఉండాలి. పండుగ పూట మొహం ముడుచుకునే భక్తి నాకు అర్థం కాదు.

నా ఫిర్యాదంతా పంపకం మీద. చీరల పంపిణీ, దుప్పట్ల పంపిణీ, ప్రభుత్వం తరఫున క్రిస్మస్ కానుకలు, సంఘం తరఫున విధవరాళ్లకు బియ్యం. వరసలో నిలబెట్టి, పేరు పిలిచి, ఫొటో తీసి, పంపేస్తాం. దుప్పటి అవసరమే. కానీ ఆ విధవరాలు ఎప్పుడైనా మన భోజనాల బల్ల దగ్గర కూర్చుందా? ఆవిడ ఇంట్లో మనం ఎప్పుడైనా టీ తాగామా? ఎడింబరోలో తెల్లవాళ్లను అజరయ్యగారు అడిగింది ఈ ప్రశ్నే. ఇవాళ ఆయన బతికొస్తే మనల్నే అడుగుతారు. అప్పుడు మిషనరీలు ఒక పక్క, మనం ఒక పక్క ఉన్నాం. ఇప్పుడు రెండు పక్కలా మనమే.

దూరం ఇంకో రకంగానూ వస్తోంది. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇంటి పనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లలో మన సంఘాల వాళ్లు చాలామంది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు ఆరాధన కూడా ఎక్కువగా శుక్రవారమే. వెళ్లనిచ్చే యజమాని ఉన్నవాళ్ల అదృష్టం. క్రిస్మస్‌నాడు వీడియో కాల్‌లో పిల్లల కొత్త బట్టలు చూస్తారు. ఇక్కడ ఆ పిల్లలను పెంచే అమ్మమ్మలకు సంఘం ఏమి చేస్తోంది? వాళ్లు పంపిన డబ్బుతో చర్చికి టైల్స్ వేయించుకున్నాం. వాళ్ల పిల్లల చదువు, జ్వరం, బడి నుంచి రావడం ఆలస్యమైతే ఎవరు వెతుకుతారన్నది మాత్రం మన ఎజెండాలోకి రాలేదు. యూట్యూబ్‌లో ఆరాధన చూసుకునే ముసలివాళ్ల సంగతీ అంతే. తెర మీద వాక్యం అందుతుంది, ఎవరూ వచ్చి చెయ్యి పట్టుకోరు. కరోనా రోజుల్లో గత్యంతరం లేదు. ఆ రోజులు పోయి చాలా కాలమైంది.

క్రీస్తు పుట్టిన ఊరి క్రిస్మస్‌నూ ఒకసారి గుర్తుచేసుకుందాం. 2023 డిసెంబరులో బేత్లెహేములో బహిరంగ వేడుకలు ఆపేశారు. గాజాలో అప్పుడు యుద్ధం జరుగుతోంది. అక్కడి లూథరన్ సంఘం ఆ ఏడు పశువుల తొట్టి బదులు కూలిన ఇంటి రాళ్ల మధ్య బాలయేసు బొమ్మను పడుకోబెట్టింది. గుంటూరు, రాజమండ్రి లూథరన్లకు ఆ సంఘం పేరులోనూ విశ్వాసంలోనూ బంధువే. ఆ బొమ్మ ఫొటో మన ఫోన్లలోకీ వచ్చింది. కొందరు దాన్ని రాజకీయం అన్నారు. మత్తయి రెండో అధ్యాయంలోని బిడ్డల హత్యను కూడా వాళ్లు రాజకీయమనే అంటారా అని అడగాలనిపించింది.

చివరగా ఒక పని అడుగుతాను. పెద్ద పనేం కాదు. మీ సంఘం సమాధుల తోటకు వెళ్లి చూడండి. లోపల అడ్డగోడో, తీగ కంచో, ఇది మావాళ్లది అది వాళ్లది అన్న ఒప్పందమో ఉంటే దాన్ని ఎత్తేయండి. గొడవలవుతాయి, సంఘం చీలుతుంది, పండుగ పూట ఎందుకంటారు. క్రీస్తు పుట్టాడని వినగానే హేరోదుతో పాటు యెరూషలేము అంతా కలవరపడిందని మత్తయి రాశాడు. మొదటి క్రిస్మస్ ఎవరికీ ప్రశాంతంగా గడవలేదు. పాత సమాధులను కదిలించక్కరలేదు. ఇక మీదట చనిపోయినవాళ్లను చనిపోయిన వరసలోనే పాతిపెట్టాలని రాసుకుంటే చాలు. దానికి కావలసింది కమిటీ తీర్మానం ఒకటి, గడ్డపారలు నాలుగు. ఆ తీర్మానం ప్రతిపాదించగల కమిటీ సభ్యులు ఈ సభలోనే చాలామంది కూర్చుని ఉన్నారు.